ముద్ర కొనేముందు మూడు ప్రశ్నలు

(ఉండిలో జరిగిన మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని ఈరోజు ‘మన సరుకులకి పర్యావరణ సర్టిఫికెట్లు’ అనే విషయం మీద మాట్లాడమన్నారు. మేము పదో తరగతి దాటని వాళ్లం. ఈ విషయం పెద్ద చదువులు చదివినవాళ్లు చెప్పాల్సింది కదా అని మొదట వెనక్కి తగ్గాం. కానీ ఏపీఎం గారు ఒక మాటన్నారు. “ఈ విషయంలో డబ్బు పోగొట్టుకున్నది మీరే కదమ్మా, మీరు చెబితేనే అందరూ వింటారు” అన్నారు. నిజమే. అందుకే ముందు మా తప్పు చెప్పేసి, తర్వాత మిగతాది చెబుతాం.

మా సంఘాల్లో ఐదుగురు అక్కలు రెండేళ్లుగా మందులు లేకుండా వరి వేస్తున్నారు. జీవామృతం, కషాయాలు, గట్ల మీద కూరగాయలు, అన్నీ పద్ధతి ప్రకారమే చేస్తున్నారు. కిందటేడు సార్వా పంట దంపించి, 400 కిలోల బియ్యం హైదరాబాదులో ఒక దుకాణానికి కిలో 90 రూపాయల లెక్కన పంపటానికి మాట్లాడుకున్నాం. వాళ్లు “ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉందా?” అని అడిగారు. సరిగ్గా ఆ సమయంలోనే ఒక పెద్దమనిషి మా ఊరొచ్చాడు. కారు, ఫైలు, మెడలో కార్డు, అన్నీ ఉన్నాయి. “పది రోజుల్లో సర్టిఫికెట్ ఇప్పిస్తాను, సంఘానికి ఆరు వేలు” అన్నాడు. మూడు సంఘాలకి కలిపి 18,000 రూపాయలు. మేము ముగ్గురం లీడర్లం తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, పొదుపు డబ్బులోంచి తీసి ఇచ్చాం. పది రోజులకి బంగారు రంగు అంచున్న కాగితం వచ్చింది. చుట్టూ ఆకుల బొమ్మలు. మా సంఘాల పేర్లు ఇంగ్లీషులో. ఫ్రేము కట్టించి గోడకి తగిలించాం కూడా.

బియ్యం హైదరాబాదు చేరాక దుకాణం వాళ్లు ఫోను చేశారు. “అమ్మా, దీని మీద రిజిస్ట్రేషన్ నంబరేదీ? ఏ వెబ్‌సైట్లో చూడాలి?” అన్నారు. మేము ఆ పెద్దమనిషికి ఫోను చేస్తే మొదట రెండు రోజులు ఎత్తాడు, తర్వాత ఎత్తలేదు. దుకాణం వాళ్లు తప్పుడు ముద్రతో అమ్మలేమన్నారు. మామూలు బియ్యం కింద కిలో 62 రూపాయలకి తీసుకున్నారు. కిలోకి 28 రూపాయలు తగ్గింది. 400 కిలోలకి 11,200. పెద్దమనిషికి ఇచ్చిన 18,000 కలిపితే 29,200 రూపాయలు. ఇది మన పొదుపు డబ్బు. వారం వారం చీర కొంగున ముడేసుకుని తెచ్చి కట్టిన డబ్బు.

ఆ 18,000 మేము ముగ్గురం వాయిదాల మీద సంఘాలకి తిరిగి కడుతున్నాం. ఇంకా 7,500 ఉంది. ఈ సంగతి లెక్కల పుస్తకంలో రాసే ఉంది, ఎవరైనా చూడొచ్చు. సిగ్గుపడి దాచేస్తే రేపు ఇంకో ఊళ్లో ఇంకో సంఘం ఇలాగే మోసపోతుంది. అందుకని ఇంతమందిలో చెబుతున్నాం.

ఆ తర్వాత మేము కూర్చుని, అడిగి, తెలుసుకున్నదంతా మూడు ప్రశ్నల కింద పెట్టుకున్నాం. ఎవరు ఏ సర్టిఫికెట్ అని వచ్చినా ఈ మూడూ అడగండి.

ఒకటి: ఈ నియమాలు రాసింది ఎవరు? ఆ నియమాల పుస్తకం చూపించు.
రెండు: మా చేనుకో, మా షెడ్డుకో వచ్చి చూసేది ఎవరు? ఎప్పుడొస్తారు?
మూడు: దీని నంబరు కొన్నవాళ్లు ఎక్కడ సరిచూసుకుంటారు?

మా గోడ మీద కాగితానికి ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. మా చేలో కాలు పెట్టకుండానే ఇచ్చాడంటే ఆ రోజే మాకు తెలియాల్సింది.

ఇంకొక మాట. లైసెన్సు వేరు, సర్టిఫికెట్ వేరు. పచ్చళ్లు, అప్పడాలు అమ్మేవాళ్లకి ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల 14 అంకెల నంబరు ఉంటుంది కదా, అది తిండి సరుకు వ్యాపారం చేసుకోవటానికి అనుమతి. చెరువులకి 2020 చట్టంతో వచ్చిన రాష్ట్ర ఆక్వా అథారిటీ, అదే అప్సడా, ఇచ్చే లైసెన్సు కూడా అంతే. అవి తప్పనిసరి. అవి లేకుండా వ్యాపారం చేయకూడదు. పర్యావరణ సర్టిఫికెట్ దాని మీద ఇంకో మెట్టు. “మేము నేలకి, నీళ్లకి, పనిచేసేవాళ్లకి హాని చేయకుండా ఈ సరుకు తీశాం, కావాలంటే వచ్చి చూసుకోండి” అని చెప్పటం అది. ఐఎస్ఓ అన్న మాట కూడా తరచు వింటాం. పర్యావరణానికి 14001 అనే నంబరుతో ఒక ప్రమాణం ఉంది. అయితే ఐఎస్ఓ సంస్థ నియమాలు రాస్తుందే గానీ సర్టిఫికెట్లు తను ఇవ్వదు. వేరే సంస్థలు తనిఖీ చేసి ఇస్తాయి. అందుకని “నేరుగా ఐఎస్ఓ వాళ్ల దగ్గర్నుంచే తెచ్చిస్తాను” అన్నవాడిని అక్కడే ఆపండి.

ఇప్పుడు మన మండలంలో మనం చేసే పనులకి ఏవి పనికొస్తాయో చెబుతాం.

మొదటిది వరి, కూరగాయలు. మందులు లేని పంటకి మన దేశంలో రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌పీఓపీ. ఇది 2001 నుంచి ఉంది, అపెడా చూస్తుంది. బయటి సంస్థ మనిషి వచ్చి తనిఖీ చేస్తాడు, దానికి ఖర్చవుతుంది. విదేశాలకి పంపాలంటే ఇదే కావాలి. రైతులు గుంపుగా కలిసి తీసుకునే వీలు కూడా ఉంది. రెండోది పీజీఎస్–ఇండియా. ఇది 2011లో కేంద్ర వ్యవసాయ శాఖ పెట్టింది. ఇందులో బయటి ఇన్‌స్పెక్టరు ఉండడు. దగ్గర దగ్గర పొలాలున్న రైతులు కనీసం ఐదుగురు ఒక గుంపుగా చేరాలి. ఒకరి చేను ఇంకొకరు చూడాలి. చూడటానికి వెళ్లేవాళ్లు కనీసం ముగ్గురుండాలి, వాళ్లలో ఒకరికైనా చదవటం, రాయటం రావాలి. మనం వాళ్ల చేను చూస్తే వాళ్లే తిరిగొచ్చి మన చేను చూడకూడదు. నువ్వు నాకు, నేను నీకు అన్న లాలూచీ ఉండకూడదని ఆ ఏర్పాటు. మొదట మారే కాలంలో ‘గ్రీన్’ అని ఇస్తారు. కాలం పూర్తయ్యాక ‘ఆర్గానిక్’ అని ఇస్తారు. మన దేశంలో అమ్ముకోవటానికి ఇది చాలు. ప్యాకెట్ల మీద ‘జైవిక్ భారత్’ అనే పచ్చ గుర్తు చూసే ఉంటారు. ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి పూర్తిచేసినవాళ్లే దాన్ని వేసుకోవాలి.

చిన్నవాళ్లకి ఒక వెసులుబాటు కూడా ఉంది. 2017లో వచ్చిన ఆర్గానిక్ ఆహార నిబంధనల్లో, ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్న రైతులు, రైతు సంఘాలు తినేవాళ్లకి నేరుగా అమ్ముకుంటే సర్టిఫికెట్ అక్కర్లేదన్నారు. అయితే ఆ గుర్తు మాత్రం వేసుకోకూడదు. దుకాణం ద్వారా అమ్మితే ఈ వెసులుబాటు రాదు. మేము ఆ 400 కిలోలు భీమవరంలో ఇంటింటికీ అమ్ముకుని ఉంటే ఏ కాగితమూ అవసరం లేకపోయేది. ఈ ఒక్క ముక్క తెలియక 29,200 పోయింది.

రెండోది రొయ్యలు, చేపలు. ఉండి అంటేనే చెరువులు. మన చుట్టాల్లో చెరువు లేని ఇల్లుండొచ్చు గానీ, చెరువు పనికి వెళ్లని ఇల్లు తక్కువ. అమెరికాలో, యూరప్‌లో పెద్ద దుకాణాల్లో మన రొయ్యల ప్యాకెట్ మీద రెండు ముద్రలు ఎక్కువ అడుగుతారు. ఒకటి బీఏపీ. దీనికి నక్షత్రాలుంటాయి. ప్రాసెసింగ్ ప్లాంటు, చెరువు, హేచరీ, మేత మిల్లు, ఈ నాలుగూ పాసైతే నాలుగు నక్షత్రాలు. ఇంకొకటి ఏఎస్‌సీ. ఇది 2010లో మొదలైంది. చెరువు ఎక్కడ తవ్వారు, మడ అడవి కొట్టి తవ్వారా, మురుగు నీరు ఎటు వదులుతున్నారు, మేత ఎక్కడిది, కూలీలకి ఏమిస్తున్నారు అని ఇందులో చూస్తారు. మన ఎంపెడా వాళ్లు కూడా 2021లో ‘శఫరి’ అని ఒకటి పెట్టారు. యాంటీబయాటిక్ మందులు లేకుండా పిల్ల తీసిన హేచరీలకి, రొయ్య పెంచిన చెరువులకి అది ఇస్తారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన మందుల ఆనవాళ్లు దొరికితే కంటైనర్లకి కంటైనర్లు వెనక్కి వస్తాయి. ఆ దెబ్బ ఎగుమతిదారుడితో ఆగదు, చెరువు రైతుకి తగులుతుంది, ఆ వారం షెడ్డులో మనకి పని ఉండదు.

చెరువు ఎక్కడ తవ్వామన్నది ఎందుకు అడుగుతారో మన ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కొల్లేరుని 1999లో అభయారణ్యం అన్నారు. 2002లో రామ్సార్ ఒప్పందం కింద ప్రపంచంలో కాపాడుకోవలసిన చిత్తడి నేలల్లో చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని చెరువు గట్లు పగలగొట్టారు. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లు కష్టపడ్డాయో మనలో కొల్లేటి వైపు ఆడపడుచులున్నవాళ్లకి తెలుసు. నీరు పోయే దారిలో అడ్డుగా గట్టు వేస్తే ముందు లాభం, తర్వాత ముంపు. యనమదుర్రు డ్రెయిన్ పక్కనున్నవాళ్లని అడగండి, ఆ నీళ్లు ఎలా ఉన్నాయో. సర్టిఫికెట్ పుస్తకాల్లో ఇంగ్లీషులో రాసినది మన అత్తలు మామూలు మాటల్లో ఎప్పుడో చెప్పారు. పై చేను వాడి మురుగు కింద చేను వాడి తాగునీరు కాకూడదని.

మూడోది పచ్చళ్లు, పిండివంటలు, కుట్టు పని, కొబ్బరి పీచు, ఇలాంటి తయారీ యూనిట్లు. వీటికి కేంద్ర ప్రభుత్వం ‘జెడ్’ అనే సర్టిఫికెట్ పెట్టింది. సరుకులో లోపం ఉండకూడదు, పర్యావరణం మీద ప్రభావం ఉండకూడదు అని దాని అర్థం. 2022లో దాన్ని కొత్తగా మార్చారు. కంచు, వెండి, బంగారం అని మూడు మెట్లు. ముందు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉచితం, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. అందులో స్వయం సహాయక సంఘం అని నమోదు చేసుకునే వీలుంది. మహిళల యూనిట్లకి జెడ్ ఫీజు పూర్తిగా ప్రభుత్వమే భరించేలా 2023లో మార్చారు. కరెంటు ఎంత వాడుతున్నాం, చెత్త ఎక్కడ వేస్తున్నాం, పనిచేసే చోట ప్రమాదం లేకుండా ఉందా, కొలతలు సరిగా ఉన్నాయా అని చూస్తారు. మన పచ్చళ్ల యూనిట్ వాళ్లు కంచు మెట్టుకి ఈ ఏడాది ప్రయత్నం చేయొచ్చని మా అభిప్రాయం.

లేసు అల్లే అక్కలు కూడా ఇక్కడున్నారు. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది ఊరి పేరుకి రక్షణ. ఇంకెక్కడో మిషను మీద చేసిన లేసుని నరసాపురం పేరుతో అమ్మకుండా కాపాడుతుంది. పర్యావరణ సర్టిఫికెట్ కాదు గానీ, ముద్ర వెనక నిజమైన చేతులుండాలన్న విషయం ఒకటే.

ఇప్పుడు షెడ్డు సంగతి. ఇది చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు అనుకున్నాం. మా సంఘాల్లో పదకొండు మంది రొయ్యల షెడ్డుకి వెళ్తారు. తల తీయటం, పొట్టు వలవటం. ఐసులో చేతులు పెట్టి గంటలు గంటలు నిలబడతారు. ఒక షెడ్డు పేరు చెప్పం. తనిఖీ ఉందంటే ముందు రోజే కొత్త చేతితొడుగులు, టోపీలు, బూట్లు వస్తాయి. “ఎన్ని గంటలు పని అని అడిగితే ఎనిమిదని చెప్పండి” అంటారు. మరుగుదొడ్డి కడిగించి తాళం తీస్తారు. తనిఖీ వాళ్ల కారు గేటు దాటాక తొడుగులు లెక్కపెట్టి వెనక్కి తీసుకుంటారు. మర్నాడు మళ్లీ చిరుగుల తొడుగులే.

మనవాళ్లూ ఆ రోజు ఎనిమిది గంటలనే చెప్పారు. తప్పు పట్టట్లేదు. పని పోతే మర్నాడు పొయ్యి మీదకి ఏం పెట్టాలి? కానీ ఒక్క విషయం తెలుసుకోండి. ఈ బీఏపీ, ఏఎస్‌సీ పుస్తకాల్లో నీళ్లు, మడ అడవులతోపాటు మనం కూడా ఉన్నాం. చట్టం చెప్పిన కూలీ, పిల్లలతో పని చేయించకపోవటం, తాగునీరు, మరుగుదొడ్డి, దెబ్బ తగిలితే వైద్యం, ఇవన్నీ ఆ ముద్రలో భాగమే. తనిఖీకి వచ్చినవాళ్లు పనివాళ్లతో కూడా మాట్లాడాలి. 2024 మార్చిలో మన రాష్ట్రంలో రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ల పరిస్థితి మీద అమెరికాలో ఒక నివేదిక వచ్చింది, అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు కథనం రాశారు. ముద్రలున్న పరిశ్రమలో ఇలా ఎందుకుందని అక్కడ అడిగారు. మన చేతుల చర్మం ఊడటం అక్కడి పేపరులో పడింది గానీ మన సమావేశాల మినిట్స్‌లో ఎప్పుడూ రాయలేదు. ఒక్కరు చెబితే ఆ ఒక్కరి పని పోతుంది. పదకొండు మంది ఒకే మాట చెబితే, వెనక సమాఖ్య ఉంటే, అంత తేలికగా తీసేయలేరు. మేము అడుగుతున్నది ఇదే.

ఇక మా ఐదుగురు అక్కల పీజీఎస్ గుంపు సంగతి చెప్పి ముగిస్తాం.

డబ్బు పోయాక వాళ్లు పంట మానేస్తారనుకున్నాం. మానలేదు. మొన్న సార్వాకి పీజీఎస్ గుంపుగా చేరి, ప్రతిజ్ఞ చేసి, చేలు చూసుకోవటం మొదలుపెట్టారు. గట్టు పక్కనే మందు కొట్టే చేను ఉంటే మధ్యలో ఎంత వదలాలి, బోదెలోంచి వచ్చే నీరు ఎక్కడిది, విత్తనం ఎక్కడ తెచ్చారు, అన్నీ రాసుకున్నారు. పంట పొట్ట మీదున్నప్పుడు దోమపోటు వచ్చింది. కషాయాలు కొట్టారు. నలుగురి చేలల్లో ఆగింది. ఐదో అక్కది కౌలు చేను, ఎకరం. ఆమె మరిది అప్పుల భయంతో ఒక రాత్రి అరెకరానికి మందు కొట్టేశాడు. ఎవరూ చూడలేదు.

చేలు చూసే రోజున ఆ అక్కే చెప్పింది. ఫారంలో ‘నిషేధించిన మందు వాడారా’ అన్న గడి దగ్గరకి వచ్చేసరికి, “వాడాం, అవునని రాయండి” అంది. రెండు గంటలు గొడవ పడ్డాం. నిజం చెప్పాలంటే మాలో ఇద్దరం “ఎవరు చూశారక్కా, అరెకరమే కదా, కాదని రాసేద్దాం, ఇప్పటికే ఒకసారి నష్టపోయాం” అన్నాం. ఆమె ఒకటే మాట అంది. “ఆ అరెకరం బియ్యం నా మనవరాలికి వండను. ఇంకొకరి పిల్లలకి అమ్మమంటారా?”

ఇంకేం మాట్లాడతాం? అవునని రాశాం. ఆమె చేనుకి కాలం మళ్లీ మొదటి నుంచి లెక్క. మిగతా నలుగురివి ముందుకి వెళ్తున్నాయి. ఆమె పంట మామూలు ధరకే మిల్లుకి వెళ్లింది. నలుగురూ కలిసి మాట్లాడుకుని, ఆమెకి సంఘం నుంచి 5,000 వడ్డీ లేకుండా ఇచ్చాం. ఆమె మరిదిని తిట్టలేదు. ఈసారి పురుగు కనిపించగానే రాత్రైనా సరే, ముందు గుంపులో ఎవరికైనా ఫోను చేయాలని మాట తీసుకున్నాం.

ఆ ఫారం మా దగ్గరుంది. నలిగిపోయింది, బురద చేతుల మరకలున్నాయి. బంగారు అంచు లేదు. గోడ మీద ఫ్రేములోంచి పాత కాగితం తీసేసి ఈ ఫారం నకలు పెట్టాం.

చివరిగా మూడు తీర్మానాలు సభ ముందు పెడుతున్నాం.

ఒకటి: ఏ సంఘమైనా సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టేముందు ఆ మూడు ప్రశ్నలకి జవాబులు రాయించుకుని, గ్రామ సంఘంలో చదివి వినిపించి, ఆ తర్వాతే చెక్కు రాయాలి. నగదు ఇవ్వకూడదు. లీడర్ల సంతకాలతోనే సరిపెట్టకూడదు.

రెండు: షెడ్లకి వెళ్లే మన సభ్యులందరి పేర్లు సమాఖ్య సామాజిక ఉపసంఘం దగ్గర ఉండాలి. తొడుగులు, మరుగుదొడ్డి, గంటలు, కూలీ, ఈ నాలుగింటి మీద నెలకొకసారి మాట్లాడి మినిట్స్‌లో రాయాలి. నిజం చెప్పినందుకు ఎవరికైనా పని పోతే, వేరే పని దొరికేదాకా ఆ ఇంటికి సంఘం అప్పు వాయిదా ఆపాలి.

మూడు: ఈ ఏడాది పచ్చళ్ల యూనిట్‌ని జెడ్ కంచు మెట్టుకి, కొత్తగా రెండు ఊళ్లని పీజీఎస్‌కి సిద్ధం చేయాలి. సందేహాలుంటే ఉండి కృషి విజ్ఞాన కేంద్రం మన ఊళ్లోనే ఉంది, వెళ్లి అడుగుదాం.

ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి. ఒప్పుకోనివాళ్లు కూడా ఎందుకో చెప్పండి, అది కూడా రాసుకుంటాం. మేము కట్టాల్సిన 7,500 వచ్చే ఉగాదిలోపు కట్టేస్తాం.